సారక్క మీద పాట

రాత్రి పాళీ దిగే ముందు పరుశురాం తన సాంచాలను, అంటే మరమగ్గాలను, తుడిచి పోతాడు. అలా తుడవమని సేఠ్ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. పొద్దుటి పాళీకి వచ్చే మొండయ్యకు తుమ్ములు పట్టుకుంటాయని ఎప్పుడో మొదలుపెట్టాడు, అదే అలవాటైపోయింది. రాత్రంతా ఎగిరిన నూగు ఇనుప చట్రాల మీదా, కరెంటు తీగల మీదా, అతని కనుబొమ్మల మీదా తెల్లగా పేరుకుంటుంది. పాత లుంగీ గుడ్డతో ముందు సాంచాలు తుడుస్తాడు, తరువాత అదే గుడ్డతో మొహం తుడుచుకుంటాడు. మనిషి సన్నం. యాభైకి దగ్గరపడుతున్నా జుట్టు నల్లగానే ఉంది గాని, ఎడమ భుజం మాత్రం కిందికి వాలిపోయింది. చెవులు సగం పోయాయి. సూరత్‌లో పర్వత్ పాటియా వెనక ఆ షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో చెవులు పూర్తిగా ఉన్నవాడు ఎవడూ లేడు కాబట్టి అదొక లోపమని ఎవరికీ తోచదు.

సాంచాలు నడుస్తున్నంతసేపూ అక్కడ మాటలు ఉండవు, సైగలే. రెండు వేళ్లు కత్తిరించినట్టు ఆడిస్తే దారం తెగిందని. బొటనవేలు కిందికి చూపిస్తే బాబిన్ అయిపోయిందని. ముక్కు మీద గీత గీస్తే సేఠ్ వస్తున్నాడని, ఎందుకంటే ఆయన ముక్కు అలాంటిది. అరచేయి బోర్లించి మెల్లగా వెల్లకిలా తిప్పితే ఎవరో పోయారని అర్థం. ఊళ్లనుంచి చావు కబుర్లు వస్తూనే ఉంటాయి గనుక ఆ సైగ అందరికీ వచ్చు. ఇంత మోతలో పరుశురాం రాత్రంతా గొంతెత్తి పాడుతుంటాడు. పక్క సాంచా మీద ఉన్నవాడికి పెదాలు కదలడం కనిపిస్తుంది గాని పాట వినిపించదు. అతను రాసిన పాటలన్నీ మొదట అలా పాడుకున్నవే.

ఆ పొద్దున మొండయ్య ఎప్పటికన్నా ముందే వచ్చాడు. వచ్చి సంచీ కూడా దించకుండా పరుశురాంను గట్టిగా వాటేసుకున్నాడు. మొండయ్య వాటేసుకునే రకం కాదు. రాత్రి తాగింది ఇంకా దిగలేదేమోనని పరుశురాం అతని మొహంలోకి చూశాడు. కళ్లు ఎర్రగా, తడిగా ఉన్నాయి. మొండయ్య అరచేయి బోర్లించి, వెల్లకిలా తిప్పి, ఆ చేత్తోనే పరుశురాం గుండెను తట్టాడు. తరువాత అతని చేతిలోని గుడ్డ లాక్కుని, ఇంటికి పొమ్మని తలుపువైపు నెట్టాడు. తలుపు దగ్గర మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఒక్కనాడు కూడా నవ్వుమొహం పెట్టని ఆ గుజరాతీ మనిషి రెండు చేతులూ జోడించి పక్కకు తప్పుకున్నాడు.

పరుశురాం బయటికి పరుగెత్తాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, భార్య సారక్క, కూతురు హారతి. ఇద్దరిలో ఎవరు? షెడ్డులోకి ఫోన్లు తేనివ్వరు, బయట వరండాలో మేకులకు తగిలించిన సంచుల్లో ఉంటాయి. తన సంచీ దొరకక ఇంకెవరిదో లాగాడు. చివరికి ఫోన్ చేతికి వచ్చాక దాన్ని తెరిస్తే ఊరి నంబర్లు, తెలియని నంబర్లు, ఎత్తని ఫోన్లు అద్దం నిండా ఉన్నాయి. అవేవీ చూడకుండా ఇంటికి ఫోన్ కలిపాడు. అవతల మోగుతుంటే, దేవుడా హారతి కాకూడదని అనుకున్నాడు. ఆ వెంటనే సారక్క కూడా కాకూడదని అనుకున్నాడు. ఏది ముందు అనుకున్నాడో తరువాత గుర్తుచేసుకుని సిగ్గుపడ్డాడు.

ఫోన్ ఎత్తింది సారక్కే.

"హారతి మంచిగున్నదా?" అన్నాడు.

"పండ్లు తోముకుంటున్నది. ఎందుకు?"

"మరి నువ్వు?"

"నేను నిన్న రాత్రే సచ్చిపోయిన్నంట. ఊరంత ఏడుస్తున్నది. నీకు ఎవలు చెప్పలేదా?"

పరుశురాం వరండా మెట్టు మీద కూలబడ్డాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి దగ్గుగా బయటపడ్డాయి. సారక్క మాత్రం నవ్వలేదు. పొద్దుటి నుంచి వచ్చే ఫోన్లతో స్టవ్ మీద పాలు పొంగి పోయాయని చెప్పి పెట్టేసింది.

లోపలికి వెళ్లి మొండయ్యకు సంగతి చెబుదామని లేచాడు. తలుపుదాకా వెళ్లి ఆగాడు. సాంచాలు అప్పటికే ఊపందుకున్నాయి. మనిషి పోయిందని చెప్పడానికి సైగ ఉంది గాని, బతికే ఉందని చెప్పడానికి సైగ లేదు. ఇన్నేళ్లలో ఎవరికీ దానితో అవసరం పడలేదు. ఎలా చెప్పాలా అని చేతులు రెండు మూడు రకాలుగా తిప్పి చూసుకున్నాడు. ఇంతలో జేబులో ఫోన్ గుర్తొచ్చింది. అప్పుడు తీసి, నిన్న సాయంత్రం పెట్టిన పాటను ఎంతమంది చూశారో చూశాడు. చూసి, చెప్పకుండానే రోడ్డు మీదికి నడిచాడు.

ఆ పాట సంగతి చెప్పాలంటే యాది పాటల సంగతి చెప్పాలి. సిరిసిల్ల చుట్టుపక్కల ఇప్పుడు ఎవరైనా పోతే, దినాల నాటికి వాళ్ల మీద ఒక పాట కట్టించి, ఫోటోలు పెట్టి ఫోన్లో వదులుతున్నారు. సూరత్‌లో ఆ పని చేసిపెట్టేది పరుశురాం. తోటి పనివాడు ఒకడు గుండె ఆగి పోయినప్పుడు దినం నాడు నాలుగు ముక్కలు కట్టి పాడాడు. ఎవరో దాన్ని ఫోన్లో పట్టి ఊరికి పంపారు. ఊళ్లో ఆ మనిషి తల్లి అది విని విని అన్నం తిన్నదట. అప్పటినుంచి చావు జరిగిన ప్రతి ఇంటివాళ్లూ పరుశురాంను పిలుస్తున్నారు. అతను వెళ్లి చాప మీద కూర్చుని, పోయిన మనిషి ఏం తినేది, ఎవర్ని ఏమని తిట్టేది, బండి మీద ఎలా కూర్చునేది అని అడుగుతాడు. చెప్పేవాళ్లు ముందు ఏడుస్తారు, తరువాత నవ్వుతారు. ఆ రాత్రి సాంచా మీద పాట కుదురుతుంది. తానుండే డిండోలిలోనే ఒక గదిలో రికార్డు చేస్తారు. మోతలో పాడే గొంతు కదా, మైకును అతనికి దూరంగా గోడవైపు జరిపి పెట్టాల్సి వస్తుంది.

యాది పాటలను చుట్టాలు పక్కాలు వేలమంది చూస్తారు. పరుశురాం కడుపులో ఉన్న పాటలు వేరు. వాన మీద రాశాడు, తాపీ నది మీద రాశాడు, సూరత్‌కు కొత్తగా వచ్చినవాడు మార్కెట్లో దారి తప్పడం మీద నవ్వులాట పాట రాశాడు. యాది పాటలు పెట్టే తన వీడియో చానల్లోనే వాటినీ పెట్టాడు. వాటిని చూసినవాళ్లలో సగం అతనే. పాటను జనంలోకి తోయడానికి చేయని పని లేదు. ఆటోవాళ్లకు పెన్‌డ్రైవులు పంచాడు. వాళ్లు మొహమాటానికి ఒక పూట వేసి, మళ్లీ తమ పాటలకు తాము మళ్లారు. ఊరికి పోయే బస్సుల వెనక స్టిక్కర్లు అంటించాడు. రెండు వానలకు అవి ఊడిపోయాయి. చాయ్ బండి దగ్గర తోటివాళ్ల ఫోన్లు అడిగి తీసుకుని, తన పాట తానే తెరిచి చేతిలో పెట్టాడు. వాళ్లు చాయ్ అయ్యేదాకా విని, బాగుందన్నా అన్నారు. పాట కన్నా చాయ్ ముందు అయిపోయేది.

అప్పుడు హారతి పూనుకుంది. టెక్స్‌టైల్ మార్కెట్లో ఒక దుకాణంలో ఫోన్ ముందు నిలబడి చీరలు అమ్మడం ఆమె ఉద్యోగం. చీర ఎంత మంచిదైనా, మడత విప్పిన మొదటి క్షణంలో కన్ను ఆగకపోతే చూసేవాళ్ల వేలు పైకి జరిగిపోతుందని ఆమెకు తెలుసు. పాటకూ అంతే అంది. మొదట ఒక మొహం కనపడాలి, అది సినిమా మొహం కాకూడదు, మన ఇంటి మనిషి మొహం కావాలి. పాళీలు మారే సాయంత్రం వేళ పెట్టాలి, అప్పుడు ఇక్కడివాళ్లు బయటికొస్తారు, ఊళ్లో వాళ్లు అన్నాలకు కూర్చుంటారు. సూరత్, భివండి, సిరిసిల్ల నేతపనివాళ్ల ఫోన్ గ్రూపులన్నిట్లో ఒకేసారి పడాలి. పరుశురాం దగ్గర పాట ఉంది. సారక్క మీద కట్టుకున్నది, ఆమెకు కూడా వినిపించనిది. మొహం కోసం హారతి తల్లి ఫోటో ఒకటి తీసింది. సారక్క కిటికీ దగ్గర కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తూ, ఎందుకో తనలో తాను నవ్వుకుంటున్న ఫోటో.

తండ్రీకూతుళ్లు ఆ ఫోటోకు దండ వేయలేదు, చుట్టూ పూలు పెట్టలేదు. ఇది యాది పాట కాదని తెలియాలని ఎంతో జాగ్రత్తపడ్డారు. కానీ చానల్లో ఏ పాట పెట్టినా మొదట దానంతటదే ఒక దీపం వెలిగి, పరుశురాం గొంతు పలికే ముక్క ఒకటి ఉంది, యాది పాటల కోసం పెట్టుకున్నది. అది ఇద్దరికీ ఎంత అలవాటైపోయిందంటే, తీసేయాలన్న ఆలోచనే రాలేదు. దీపం వెలిగింది. దాని వెనక నుంచి సారక్క నవ్వుతూ వచ్చింది. మనవాళ్లకు అంతకన్నా చెప్పాల్సిన పని ఏముంటుంది?

షేర్ ఆటోలో డిండోలి పోతూ పరుశురాం ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. వేలు పెట్టిన ప్రతిసారీ అంకె మారుతోంది. వాన పాటకు ఏడాదిలో రానంతమంది, ఆటో ఒక మలుపు తిరిగేలోపు వస్తున్నారు. కింద అందరూ ఓం శాంతి అని రాస్తున్నారు, చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. కొందరు మాత్రం పాట గురించి రాశారు. ఎవరో ఒకామె, రాళ్లు అతికించే చరణం దగ్గర తన పని ఆపి ఏడ్చానని రాసింది. అతని చరణం గురించి ఒక మనిషి అలా రాయడం అదే మొదలు. పరుశురాంకు సంతోషం ముంచుకొచ్చింది. పెళ్లాం చచ్చిపోయిందని జనం ఏడుస్తుంటే మొగుడికి సంతోషం రావడం ఏం పాపమో గాని, వచ్చిన మాట నిజం. ఎదురుగా కూర్చున్న బిహారీ కుర్రవాడు, ఏం చాచా, లాటరీ తగిలిందా అని హిందీలో అడిగాడు కూడా.

హారతి మార్కెట్ నుంచి ఫోన్ చేసింది. ఆమె గొంతులో భయం, సంబరం కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడు ఏదైనా రాస్తే పాట ఎక్కడిదక్కడ ఆగిపోతుందని అంది. ఒక్క రోజు ఇలా నడిస్తే చాలు, ఆ తరువాత ఫోన్ కంపెనీయే తెలియనివాళ్ల దగ్గరికి కూడా తీసుకుపోతుందట, అప్పుడు చెప్పుకోవచ్చట.

"పొద్దుగూకెదాక అమ్మను ఫోన్ ఎత్తద్దను బాపూ. బస్, గంతే. నీ పాట గిట్ల ఎన్నడు నడ్వలే."

డిండోలిలో వాళ్లది మేడ మీద ఒకటిన్నర గది. పరుశురాం మెట్లెక్కేసరికి సారక్క కిటికీ దగ్గర చీర పరుచుకుని కూర్చుని ఉంది. గుండ్రటి మొహం, ముక్కుకు పాత పుల్ల, జిగురు పట్టి బిరుసెక్కిన వేళ్లు. సూది మొనతో రాయిని ఎత్తి, జిగురు చుక్క మీద పెట్టి, వేలితో నొక్కుతుంది. మాట్లాడుతున్నా, పోట్లాడుతున్నా ఆ వేలు ఆగదు. పొద్దుటి నుంచి తన చావు ఎలా ఉందో ఆమె చెప్పుకొచ్చింది. ఒకామె హలో వినగానే భయపడి ఫోన్ పడేసిందట. ఇంకొకామె హారతే మాట్లాడుతున్నదనుకుని, ధైర్యంగా ఉండు బిడ్డా అని చాలాసేపు ఓదార్చిందట. గల్లీలో వాళ్లకు నిజం తెలుసు కాబట్టి వాళ్లకు పండగయింది. పక్కింటి పోశమ్మ గుమ్మంలోకి వచ్చి, దయ్యానికి చక్కెర అక్కర్లేదు కదా, ఉంటే జర నాకియ్యి అని గిన్నె పెట్టింది.

సారక్క ఇచ్చి పంపింది. పరుశురాం అన్నం తింటూ తింటూ హారతి చెప్పిన మాట చెప్పాడు. తన మాటగా చెప్పలేదు, కూతురి మాటగానే చెప్పాడు. పొద్దుగూకేదాకా ఫోన్ ఎత్తకుండా ఉంటే చాలు. సారక్క వేలు అప్పుడు ఆగింది.

"అంటే పొద్దుగూకెదాక సచ్చి ఉండాలె."

అతను కంచంలోకి చూశాడు.  ఆమె తన ఫోన్ తీసి నొక్కి పట్టుకుని, వెలుగు పోయేదాకా చూసి, బియ్యం డబ్బా మీద పెట్టింది. ఆమె ఎన్నడూ అడ్డు చెప్పే మనిషి కాదు. ఊళ్లో సాంచాలు మూతపడి సూరత్ పోదామన్నప్పుడు రాననలేదు. హారతి చంకలో ఉండగా అద్దె ఇళ్లు మారినప్పుడల్లా మూటలు కట్టింది. పాటల పిచ్చిలో అతను సెలవు నాళ్లన్నీ బస్టాండుల్లో స్టిక్కర్లు అంటిస్తూ తిరిగితే, జిగురు గట్టిగా ఉండదని తన పని జిగురులోంచి కాస్త తీసి ఇచ్చింది. ఆ పాటలు ఎలా ఉన్నాయని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇద్దరి మధ్య ప్రేమ లేదని కాదు. ఒకరు పగలు, ఒకరు రాత్రి పనిచేసే ఇళ్లలో ప్రేమ ఎక్కువగా అన్నం గిన్నె మీద మూతలా పనికొస్తుంది, అంతే.

పాట కట్టిన కారణం కూడా అలాంటిదే. ఒక మధ్యాహ్నం అతనికి మెలకువ వచ్చి చూస్తే ఆమె గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. చెంప మీద ఎర్ర రాయి ఒకటి అంటుకుని ఎండకు మెరుస్తోంది. తీద్దామని చెయ్యి చాచి, లేస్తుందేమోనని మానుకున్నాడు. ఆ రాత్రి సాంచా మీద చరణం పుట్టింది:

రాయతికే చేతులకు రంగంటలేదు సారా
ఎవలో కట్టే చీరకు నీ ఎలుగతికినవే సారా

ఆ చరణమే ఇప్పుడు ఊళ్లూ, షెడ్లూ తిరుగుతోంది. పరుశురాం పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. పది నిమిషాలకోసారి ఫోన్ తీసి చూసుకుంటూ, సారక్క చూస్తున్నదని అటు తిరిగాడు.

మధ్యాహ్నం దాటాక అతని ఫోన్ మోగింది. సారక్క తమ్ముడు, ఊరినుంచి. రాత్రి నుంచి ఎత్తని ఫోన్లలో అతనివీ ఉన్నాయి. పరుశురాం లేచి కూర్చుని, పేరు చూసి, ఫోన్‌ను అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎత్తితే నిజం చెప్పాలి. చెబితే అరగంటలో ఊరంతా తెలుస్తుంది. ఎత్తకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు. సారక్కకు కూడా ఆ పేరు కనిపించింది. ఆమె ఫోన్ వైపు కాకుండా అతని మొహం వైపు చూస్తూ కూర్చుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. అతను ఎత్తలేదు. మూడోసారి మోగినప్పుడు సారక్క లేచి వచ్చి, అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

 తమ్ముడు అక్క గొంతు విని ఏడ్చాడు, ఆ తరువాత బావను తిట్టాడు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. నర్సవ్వ, వాళ్ల తల్లి, రాత్రి పక్కింటివాళ్ల ఫోన్లో పాట చూసిందట. అప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకుందట. అన్నం ముట్టలేదు, మంచినీళ్లు కూడా మింగడం లేదు. అక్క బతికే ఉందని ఇప్పుడు చెప్పినా ఊరడించడానికే అంటున్నారనుకుంటోంది. వీడియోలో కనపడమన్నాడు.

సారక్క ఫోన్ మొహానికి ఎదురుగా పెట్టుకుంది. అద్దంలో నర్సవ్వ తెల్ల జుట్టు, ఎండిన పెదాలు కనిపించాయి.

"అవ్వా, నేనే. మంచిగున్న. జూడు, చెయ్యి ఊపుతున్న."

ముసలామె చాలాసేపు చూసింది. ఆమె మొహంలో ఏ సంతోషమూ రాలేదు.

"నీ అయ్య గూడ గిట్లనే నవ్విండు బిడ్డా" అని కళ్లు మూసుకుంది.

పోయిన ఏడు సారక్క తండ్రి పోయాడు. అల్లుడే పాట కట్టాడు. ఫోటోను కదిలించే యాప్ ఒకటి కొత్తగా వస్తే, పాటకు జనం ఆగుతారని హారతి దాంతో తాత ఫోటోను కదిలించింది. తాత రెప్పలు ఆర్పాడు, నవ్వాడు, చేతులు జోడించాడు. నర్సవ్వ ఆ ఫోన్ ముందు కూర్చుని ఏమయ్యా, ఏమయ్యా అని పిలిచింది. ఎంత పిలిచినా అతను నవ్వుతూనే ఉన్నాడు. ఫోన్లో నవ్వేవాళ్లు లేనివాళ్లని ఆమెకు ఆనాడే తెలిసిపోయింది. ఇప్పుడు కూతురు పేర్లు పెట్టి అడిగినా, చిన్ననాటి సంగతులు చెప్పినా, అల్లుడు ఏమైనా చేయగలడన్నట్టు కళ్లు తెరవలేదు.

పరుశురాం వెంటనే హారతికి ఫోన్ చేశాడు. ఇక రాసేయమన్నాడు. మా అమ్మ బతికే ఉంది అని హారతి పాట కింది రాతలన్నిటికీ పైన, అందరికీ కనపడేలా రాసింది. కాసేపట్లోనే జవాబులు వచ్చాయి. నిజమే చెల్లె, అమ్మలు ఎక్కడికీ పోరు, మన గుండెల్లోనే ఉంటారు అని ఒకరు రాశారు. ధైర్యం తెచ్చుకో తల్లీ అని ఇంకొకరు. ఆ మాటకు వందలమంది గుండె బొమ్మలు నొక్కారు. దాంతో పాట ఇంకా పైకి పోయింది. హారతి మార్కెట్లో నుంచి ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇక తీసేయడం ఒక్కటే దారి అని, తీసేయమంటావా బాపూ అని అడిగింది. పరుశురాం ఆగమన్నాడు.

ఆ మాట సారక్క వింది. చీరను మడతపెట్టి, జిగురు సీసాకు మూత బిగించింది. తలుపు వెనక సంచీ తీసి అందులో రెండు చీరలు, దువ్వెన, మందుబిళ్లలు వేసుకుంది. నేను కళ్లముందర నిలబడితే తప్ప మా అవ్వ నీళ్లు తాగదు అంది. సాయంత్రం సిరిసిల్ల పోయే ప్రైవేటు బస్సు పర్వత్ పాటియా నుంచే బయలుదేరుతుంది. పరుశురాం సంచీ పట్టుకుని వెంట నడిచాడు. దారిలో ఎదురైనవాళ్లు కొందరు నవ్వారు, ఒకరిద్దరు ఉలిక్కిపడి పక్కకు జరిగారు. సారక్క ఎవరి వంకా చూడలేదు.

బస్సు నిండుతోంది. క్లీనరు మూటలు పైకెక్కిస్తున్నాడు. రోడ్డు మీద టెంపోల హారన్లు, చీరల మూటలు మోసే బండ్ల కేకలు. సారక్క మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఎట్లున్నది గా పాట? నాకు ఒక్కపారి పాడు."

పరుశురాం నోరు తెరిచాడు. సాంచాల మధ్య రాత్రంతా పాడేవాడు, చచ్చినవాళ్ల ఇళ్లముందు మైకు లేకుండా పాడేవాడు, భార్య మొహం చూస్తూ ఒక్క ముక్క పాడలేకపోయాడు.  ఆమె ఓపికగా నిలబడింది. క్లీనరు రెండుసార్లు అరిచాడు.

"తీసేపిస్త సారా. హారతికి చెప్త" అన్నాడు చివరికి.

"తియ్యకు. మా తమ్ముడు మోగిచ్చినప్పుడే నువ్వు ఎంచుకున్నవు. పాట నీ తాన ఉండని. నేను మా అవ్వ తాన ఉంట."

ఎన్ని రోజులని అడిగాడు. ఆమె ఏమో అంది. కోపంగా అనలేదు, పొద్దున పాలు పొంగిపోయాయని చెప్పిన గొంతుతోనే అంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, కొంగుతో అద్దం తుడిచి, బయటికి చూడకుండా ముందుకు చూసింది. బస్సు కదిలి, మలుపు దగ్గర టెంపోల మధ్య కాసేపు ఇరుక్కుని, తరువాత కనపడలేదు.

పరుశురాం అక్కడే నిలబడి ఫోన్ తీశాడు. తీసేయడానికి ఎక్కడ నొక్కాలో అతనికి తెలుసు. వేలు దానిమీదికి తీసుకుపోయాడు కూడా. అప్పుడే అంకె లక్ష దాటింది. సాంచాల మీద పాడిన ఇన్నేళ్ల రాత్రులూ ఆ అంకె కోసమేనని అతనికి తెలుసు, ఆమె పోయింది దాని వల్లేనని కూడా తెలుసు. వేలు తీసేసుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాక ఏడుపొచ్చింది. రోడ్డు మీద ఏడుస్తున్న మనిషిని చూసి చెరకురసం బండివాడు గ్లాసు నీళ్లిచ్చాడు. పరుశురాం తాగి, పాళీకి పోనక్కర్లేదని గుర్తొచ్చి, ఇంటిదారి పట్టాడు. పగటి పాళీ చేసిన మొండయ్యే ఈ రాత్రి కూడా అతని సాంచాల మీద నిలబడతాడు, చావు ఇంటివాణ్ని పనికి రమ్మనరు కదా.

మేడ ఎక్కేసరికి చీకటి పడుతోంది. హారతికి ఆ రోజు దుకాణంలో ఆలస్యమవుతుంది. గల్లీ ఆడవాళ్లు కింద నల్లా దగ్గర ఉన్నారు. ఎవరో ముసలామె సూరత్ చివర ఉన్ అనే పేట నుంచి వెతుక్కుంటూ వచ్చిందని, ఈ ఇంట్లో ఎవరూ పోలేదని చెబుతున్నా వినిపించుకోకుండా పైకి వెళ్లి వచ్చిందని, మెట్ల దగ్గర పోశమ్మ చెప్పింది. ఏం పేరో చెప్పలేదట. ఆ పాట విన్నానని మాత్రం అన్నదట.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. దినాలు అయ్యేదాకా ఇరుగుపొరుగూ, అయినవాళ్లూ వండి తెచ్చి పెడతారు. పరుశురాం అలాంటి ఇళ్లలో ఎన్నోసార్లు చాప మీద కూర్చుని తిన్నాడు, పాటకు కావలసిన మాటలు అడుగుతూ. తాళం తీయబోతూ కిందికి చూశాడు. గడప పక్కన స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి, పైన తెల్ల గుడ్డ కప్పి ఉంది. మూత మీద అతనెరగని విజయశ్రీ అనే పేరు చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది, డబ్బా అడుగు ఇంకా వెచ్చగానే ఉంది.